ఇంట్లో నాలుగు సిమ్ములు, ఏడాదికి ఎంత?

“మామా, నలుగురికి నాలుగు రీఛార్జులు ఎందుకు చేస్తున్నరు? అందరిదీ కలిపి ఒక ఫ్యామిలీ ప్లాన్ తీస్కోండ్రి, సగం ఖర్చు తగ్గుతది.”

డల్లాస్‌లో ఉద్యోగం చేసే మా అక్క కొడుకు వీడియో కాల్లో ఇచ్చిన సలహా ఇది. వాడున్న చోట ఆ మాట నిజమే. అమెరికాలో ఒంటరిగా ఒక లైన్ తీసుకుంటే బిల్లు మోత మోగుతుంది. లైన్లు పెరిగేకొద్దీ తలా పడే డబ్బు తగ్గుతుంది. అందుకే అక్కడ ఒకే గదిలో ఉండే స్నేహితులు కూడా అన్నదమ్ముల్లా ఒకే ప్లాన్‌లో చేరిపోతారు.

మన దగ్గర సంగతి వేరు. ఇక్కడ పది కనెక్షన్లలో తొమ్మిదికి పైగా ప్రీపెయిడ్. ఒక్క మనిషికి పెట్టిన ధరే తక్కువ కాబట్టి నలుగురు కలిసి వచ్చారని కంపెనీ తగ్గించేది పెద్దగా ఏమీ ఉండదు. అయినా వాడి మాట కొట్టిపారేయకుండా ఒక ఆదివారం కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నాను. మా ఇంట్లో నాలుగు నంబర్లు. హన్మకొండ నయీంనగర్‌లో నేను, నా భార్య. హైదరాబాద్‌లో బీటెక్ చదువుతున్న కొడుకు. ములుగు జిల్లాలో, ఊరు వదిలి రానని భీష్మించుకున్న అమ్మ. ఏ కంపెనీ చవక అన్న ప్రశ్నతో మొదలుపెట్టాను. అరగంటలో తెలిసిందేమిటంటే, ఆ ప్రశ్నే తప్పు.

ఇక్కడ రాసిన ధరలు 2024 జూలైలో మూడు ప్రైవేటు కంపెనీలూ పెంచిన తర్వాతివి, కాల్స్ మాత్రమే ఉండే ప్లాన్లవి 2025 జనవరి నాటివి. ధరలు మారుతూనే ఉంటాయి కాబట్టి మీరు లెక్క వేసే రోజున ఉన్న అంకెలు వేసుకోండి. లెక్క వేసే తీరు మాత్రం ఇదే.

28 రోజుల నెల

రోజుకు 2 జీబీ డేటా కావాలనుకుందాం. జియోలో 28 రోజులకు 349 రూపాయలు. ఎయిర్‌టెల్‌లో ఒక నెలకు 379. రీఛార్జి షాపులో ఎవరైనా రెండు అంకెలు చూసి, జియో 30 రూపాయలు తక్కువ అంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ని.

ఇప్పుడు ఏడాదికి చూడండి. 365ని 28తో భాగిస్తే 13 దాటుతుంది. అంటే 28 రోజుల ప్లాన్ వేయించుకునేవాడికి ఏడాదికి పదమూడు నెలలు. 349 చొప్పున ఏడాదికి 4,549 రూపాయలు అవుతుంది. నెల ప్లాన్ 379 చొప్పున పన్నెండుసార్లు వేస్తే 4,548. బోర్డు మీద కనిపించిన 30 రూపాయల తేడా ఏడాది తిరిగేసరికి ఒక్క రూపాయికి వచ్చింది, అదీ అవతలి వైపుకు.

ఈ 28 రోజుల తంతు మీద ఫిర్యాదులు వచ్చాకే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2022 జనవరిలో ఒక ఉత్తర్వు ఇచ్చింది. ప్రతి కంపెనీ కనీసం ఒక 30 రోజుల ప్లాన్, ప్రతి నెలా అదే తేదీకి రీఛార్జి చేసుకునే ప్లాన్ ఇంకొకటి పెట్టాలని దాని సారాంశం. పెట్టారు. కానీ షాపులో అడగందే ఎవరూ చెప్పరు. ఫోన్‌లో యాప్ తెరిచినా ముందు వరసలో కనిపించేవి 28, 56, 84 రోజులవే. అన్నీ ఏడుతో భాగించబడే అంకెలు, మన క్యాలెండర్‌తో కలవనివి.

అందుకే ప్లాన్ ధర చూడగానే రోజులతో భాగించి, 365తో గుణించండి. ఫోన్‌లోనే కాలిక్యులేటర్ ఉంది, పది సెకన్ల పని. ఇలా చేస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. జియోలో అదే రోజుకు 2 జీబీ ప్లాన్ 84 రోజులకు 859. ఏడాదికి 3,733. ఏడాది ప్లాన్ ఒకేసారి వేయిస్తే 3,599, పైగా రోజుకు 2.5 జీబీ. ఎయిర్‌టెల్‌లోనూ ఏడాది ప్లాన్ 3,599కే ఉంది, డేటా రోజుకు 2 జీబీ. 84 రోజుల ప్లాన్ దగ్గర మాత్రం రోజుకు 2 జీబీకి ఎయిర్‌టెల్ 979 అడుగుతుంది, ఏడాదికి 4,254. అంటే చిన్న ప్లాన్లలో ఒకటి, మధ్య ప్లాన్లలో ఇంకొకటి చవకగా కనిపించి, ఏడాది ప్లాన్ దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ ఒకే ధరకు చేరుతున్నారు. కంపెనీల మధ్య తేడా కన్నా, ఒకే కంపెనీలో చిన్న ప్లాన్‌కూ పెద్ద ప్లాన్‌కూ ఉన్న తేడానే ఎక్కువ.

ఇక్కడే నాకు మనసు కలుక్కుమనేది. ఎనుమాముల మార్కెట్లో బస్తాలు మోసే హమాలీ ఒకేసారి 3,599 రూపాయలు తీసి పెట్టలేడు. అతను 349 వేయించుకుంటాడు, అది అయిపోయాక మళ్లీ 349. ఏడాది చివర చూస్తే నాకన్నా 950 రూపాయలు ఎక్కువ కట్టి ఉంటాడు. అదీ నాకన్నా తక్కువ డేటాకు. నేను రూపాయి పెట్టిన చోట అతను రూపాయి పావలా పైనే పెడుతున్నాడు. చేతిలో డబ్బున్నవాడికే అన్నీ చవక అని మా నాన్న కిరాణం సామాను గురించి అనేవాడు. ఫోన్లకూ అదే వర్తిస్తుందని అప్పట్లో ఆయనకు తెలియదు.

ఏడాది ప్లాన్‌కు ఒక ముల్లు ఉంది. మధ్యలో కంపెనీ మారితే మిగిలిన రోజుల డబ్బు వెనక్కి రాదు. అందుకని కొత్త కంపెనీకి మారిన వెంటనే ఏడాది ప్లాన్ వేయించుకోవద్దు. ఒకటి రెండు నెలలు చిన్న ప్లాన్ మీద నడిపి, సిగ్నల్ సంగతి తేలాక పెద్దది వేయించుకోవడం మేలు.

బోర్డు మీద లేని 18 శాతం

ఇప్పుడు మా మేనల్లుడు చెప్పిన ఫ్యామిలీ ప్లాన్ సంగతి. ఇవి మన దగ్గర పోస్ట్‌పెయిడ్‌లో, అంటే వాడుకున్నాక నెలనెలా బిల్లు కట్టే పద్ధతిలో ఉంటాయి. జియోలో మూల ప్లాన్ 449. దానికి ఇంకో మూడు సిమ్ముల దాకా చేర్చుకోవచ్చు, ఒక్కోదానికి 150. నలుగురికి కలిపి 899. వినడానికి ఎంత బాగుంది! తలా 225 రూపాయలు.

కానీ పోస్ట్‌పెయిడ్ ధరలో జీఎస్టీ ఉండదు. ప్రీపెయిడ్ ధరలో ఉంటుంది. ఈ ఒక్క సంగతి తెలియక రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చేవాళ్లే ఎక్కువ. 899 మీద 18 శాతం వేస్తే బిల్లు 1,061 వస్తుంది. ఏడాదికి 12,730. ఎయిర్‌టెల్‌లో నాలుగు కనెక్షన్ల ప్లాన్ 1,199. పన్నుతో 1,415, ఏడాదికి 16,978. వీఐ (వొడాఫోన్ ఐడియా) నాలుగు కనెక్షన్ల ప్లాన్ 1,201, దాదాపు అంతే.

ఎయిర్‌టెల్ ప్లాన్‌లో నెలకు మొత్తం 190 జీబీ, కొన్ని ఓటీటీలు (సినిమాలు, సిరీస్‌లు చూసే యాప్‌లు) వస్తాయి. జియోలో ప్రధాన నంబరుకు 75 జీబీ, చేర్చిన ఒక్కో సిమ్ముకు 5 జీబీ, అంటే మొత్తం 90. కాబట్టి 12,730, 16,978 రెండూ ఒకే సరుకు ధరలు కావు. ఓటీటీని ఎలా లెక్కవేయాలన్నది మీ ఇంటిని బట్టి. అది మీరు ఎలాగూ విడిగా డబ్బు కట్టి చూసేదైతే ఆ డబ్బు తీసేసి పోల్చండి. చూడనిదైతే సున్నా వేయండి. చీర కొంటే బిందె ఉచితం అన్నప్పుడు బిందె కోసం చీర కొన్న ఇళ్లు మనకు తెలియనివి కావు.

ఇక ప్రీపెయిడ్‌లో నలుగురికీ ఎవరి అవసరానికి తగ్గట్టు వాళ్లకు వేస్తే ఎంత? నాకూ కొడుకుకూ ఏడాది ప్లాన్లు, చెరి 3,599. నా భార్య రోజంతా ఇంట్లో వైఫై మీదే ఉంటుంది, బయటికి వెళ్లినప్పుడే ఫోన్ నెట్ కావాలి. ఆమెకు ఎయిర్‌టెల్‌లో ఏడాది మొత్తానికి 30 జీబీ ఇచ్చే 2,249 ప్లాన్ చాలు. అమ్మకు కాల్స్ మాత్రమే ఉండే ప్లాన్, 1,849. మొత్తం 11,296.

అంటే జియో ఫ్యామిలీ ప్లాన్ కన్నా 1,434 తక్కువ, ఎయిర్‌టెల్ ఫ్యామిలీ ప్లాన్ కన్నా 5,682 తక్కువ. అదే నలుగురికీ 28 రోజులకొకసారి 349 చొప్పున వేయించుకుంటూ పోతే 18,198. ఒకే ఇల్లు, అవే నాలుగు ఫోన్లు. అటు 11 వేలు, ఇటు 18 వేలు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. వైఫై లేని ఇల్లయితే ఈ లెక్క మారుతుంది. నా భార్యకు కూడా 3,599 వేస్తే మొత్తం 12,646. జియో ఫ్యామిలీ ప్లాన్‌కూ దీనికీ తేడా 84 రూపాయలే. అప్పుడు ఎటు మొగ్గాలన్నది డబ్బు సంగతి కాదు, సౌకర్యం సంగతి. నాలుగు ఆఖరి తేదీలు గుర్తుపెట్టుకునే బాధ లేకుండా ఒకే బిల్లు కడితే చాలు అనుకుంటే పోస్ట్‌పెయిడ్ మంచిదే. బిల్లు మర్చిపోతే నాలుగు ఫోన్లూ ఒకేసారి మూగబోతాయన్నది కూడా గుర్తుండాలి.

అలాగని ఫోన్ ఖర్చు తగ్గించుకోవడానికి కొత్తగా వైఫై పెట్టించుకోవడం తెలివైన పని కాదు. జియో ఫైబర్‌లో చిన్న ప్లాన్ 399, పన్నుతో 471. ఏడాదికి 5,650. దాంతో నా భార్య ప్లాన్‌లో మిగిలేది 1,350. టీవీ కోసమో, ఇంటి నుంచి ఉద్యోగం కోసమో ఎలాగూ ఉన్న వైఫైనే ఇలా వాడుకోవాలి.

5జీ గురించి కూడా ఒక ముక్క. అపరిమిత 5జీ అని పెద్ద అక్షరాలతో వేస్తారు. 2024 జూలై పెంపుతో ప్రీపెయిడ్‌లో జియో, ఎయిర్‌టెల్ రెండూ దీన్ని ప్రధానంగా రోజుకు 2 జీబీ, ఆపైన ఉన్న ప్లాన్లకే పరిమితం చేశాయి. ఫోన్ 5జీ ఫోన్ అయి ఉండాలి, మీరున్న చోట 5జీ ఉండాలి. ఈ రెండింటిలో ఏది లేకపోయినా మళ్లీ ఆ రోజు కోటాలో కోత పడుతుంది. హాస్టల్‌లో వీడియోలు చూసే మా వాడికి ఇది పనికొస్తుంది. 4జీ ఫోన్ వాడే నాకు దానివల్ల ఒరిగేదేమీ లేదు, 3,599లో దాని ఖరీదు కలిసే ఉన్నా.

అమ్మ ఫోన్

“నాకా నెట్టు ఎందుకు బిడ్డా? నువ్వు చేస్తే మోగాలె, నేను చేస్తే కలవాలె, గంతే.”

ఇంటి మొత్తంలో తనకేం కావాలో ఇంత స్పష్టంగా తెలిసిన మనిషి అమ్మ ఒక్కతే. ఏళ్ల తరబడి ఆమెకే తగిన ప్లాన్ దొరకలేదు.

2003 మేలో ఇన్‌కమింగ్ ఉచితం అయ్యాక, బ్యాలెన్స్ లేకపోయినా ఫోన్ మోగేది. ఊళ్లలో మిస్డ్ కాల్ ఒక భాష అయింది. ఒకసారి మోగితే బస్సు దిగాను అని, రెండుసార్లు మోగితే తిరిగి చెయ్యి అని. 2018 చివర్లో కంపెనీలు ఈ బేరం తమకు గిట్టదని తేల్చుకుని, నెలనెలా కనీస రీఛార్జి లేకపోతే సేవలు ఆగుతాయన్నాయి. అప్పటి కనీసం 35 రూపాయలు. అది పెరుగుతూ 2024 జూలై తర్వాత 189, 199 అయింది. అందులో అమ్మ ఎన్నడూ ముట్టుకోని 2 జీబీ డేటా కూడా ఉంటుంది. 28 రోజులకు 199 అంటే ఏడాదికి 2,594 రూపాయలు. బటన్ ఫోన్ మనిషి దగ్గర ఇంటర్నెట్‌కు డబ్బు వసూలు చేయడమే ఇది.

2024 డిసెంబర్‌లో ట్రాయ్ దీని మీద నిబంధన తెచ్చింది. డేటా లేకుండా కాల్స్, ఎస్ఎంఎస్‌లకే విడిగా ప్లాన్లు పెట్టాలి, వాటి గడువు 365 రోజుల దాకా ఉండొచ్చు. మరుసటి నెలలోనే ప్లాన్లు వచ్చాయి, విమర్శలు రాగానే ధరలు కొంచెం దిగాయి. జియోలో 84 రోజులకు 448, 336 రోజులకు 1,748. ఎయిర్‌టెల్‌లో 84 రోజులకు 469, 365 రోజులకు 1,849.

ఇక్కడ మళ్లీ అదే కళ్లకు గంతలు. 1,748 చూడగానే 1,849 కన్నా నూరు తక్కువ అనిపిస్తుంది. 336 రోజులంటే పన్నెండు 28 రోజుల నెలలు, ఏడాది కాదు. రోజుకు చూస్తే 1,748 ప్లాన్ 5 రూపాయల 20 పైసలు, 1,849 ప్లాన్ 5 రూపాయల 7 పైసలు. అంటే ఎక్కువగా కనిపించేదే చవక. 84 రోజుల ప్లాన్ల దగ్గర వరస మళ్లీ తిరగబడుతుంది, 448 ఏడాదికి 1,947, 469 అయితే 2,038.

బటన్ ఫోన్‌నే మార్చడానికి సిద్ధమైతే ఇంకో దారి ఉంది. 2023 జూలైలో వచ్చిన జియో భారత్ ఫోన్ అప్పుడు 999 రూపాయలు, దాని ప్లాన్ 28 రోజులకు 123. ఏడాదికి 1,603. ఆ ప్లాన్ ఆ ఫోన్‌కే వర్తిస్తుంది. అమ్మకు పదేళ్లుగా చేతికి అలవాటైన ఫోన్ వదలమని చెప్పే ధైర్యం నాకు లేదు కాబట్టి దాన్ని పక్కన పెట్టాను.

అమ్మ నంబరు ఆగిపోకూడదన్నది డబ్బు కన్నా పెద్ద సంగతి. పింఛన్, బ్యాంకు, ఆధార్, రైతు భరోసా అన్నీ దానికే ముడిపడి ఉన్నాయి. ప్లాన్ అయిపోయిన నంబరును ఎక్కువ కాలం వదిలేస్తే కంపెనీ దాన్ని తీసేసి, తర్వాత వేరేవాళ్లకు ఇవ్వొచ్చు. తీసేశాక 90 రోజుల వరకు ఎవరికీ ఇవ్వరని 2023లో సుప్రీంకోర్టు ముందు ట్రాయ్ చెప్పింది. ఆ తర్వాత మన ఓటీపీలు ఎవరి ఫోన్‌లో మోగుతాయో తెలియదు. ముసలివాళ్లకు ఏడాది ప్లాన్ వేయించమని నేను చెప్పడానికి అసలు కారణం ఇదే. అందులో మిగిలే వందో రెండు వందలో కొసరు.

ఈ ఓటీపీల పుణ్యమా అనే చాలామంది రెండో సిమ్ము కూడా మోస్తున్నారు. ఏడెనిమిదేళ్ల కింద ఆఫర్ ఉందని తీసుకున్న నంబరు, ఏదో ఒక బ్యాంకు ఖాతాకు ఇచ్చేశారు, ఇప్పుడు దాన్ని బతికించడానికే ఏడాదికి రెండు వేలు పోస్తున్నారు. బ్యాంకుకు ఒక పూట వెళ్లి నంబరు మార్పించుకుంటే పోయే ఖర్చది. మా ఇంట్లో అది నేనే, ఇంకా వెళ్లలేదు.

సిగ్నల్ ముందు, ధర తర్వాత

ఇంత లెక్క వేసి అమ్మ ఊరికి వెళ్తే కథ వేరే ఉంది. ఆ ఊళ్లో అన్ని సిమ్ములూ వాకిట్లో పనిచేస్తాయి, ఇంటి లోపలికి ఒక్కదాని సిగ్నలే వస్తుంది. ఏదో చెప్పను, మూడు కిలోమీటర్ల అవతల ఊళ్లో ఆ ఒక్కటే పనిచేయదు. హన్మకొండలో మేం వాడేది అది కాదు, హైదరాబాద్‌లో మా వాడి హాస్టల్‌లో బాగా వచ్చేదీ అది కాదు. ఫ్యామిలీ ప్లాన్ కావాలంటే నలుగురూ ఒకే కంపెనీలో ఉండాలి. మాలాగా సగం పట్నంలో, సగం అడవి అంచున ఉండే ఇళ్లకు ఆ మాటే కుదరదు. మా మేనల్లుడి సలహా అక్కడితో తేలిపోయింది.

బీఎస్ఎన్ఎల్ సంగతి కూడా ఊరిని బట్టే. 2024 జూలైలో మిగతావాళ్లు పెంచినప్పుడు అది పెంచలేదు, ఆ ఒక్క నెలలోనే దాదాపు 29 లక్షల మంది చేరారు. ఆ తర్వాత కొన్ని ప్లాన్ల ధర కదల్చకుండా రోజులు మాత్రం కోసింది, కాబట్టి రోజుతో భాగించే లెక్క దానికీ తప్పదు. దేశీయ పరిజ్ఞానంతో చేసిన 4జీని 97,500కు పైగా టవర్లతో 2025 సెప్టెంబర్ 27న ఒడిశాలోని ఝార్సుగూడలో ప్రారంభించారు. ఏ నెట్‌వర్కూ లేని 24,680 ఊళ్లకు 4జీ చేర్చే పథకానికి 2022 జూలైలో కేంద్ర మంత్రివర్గం 26,316 కోట్లు మంజూరు చేసింది, ఆ పని చేస్తున్నదీ బీఎస్ఎన్ఎలే. తాడ్వాయి, ఏటూరునాగారం వైపు అడవి ఊళ్లలో చుట్టాలున్నవాళ్లు ముందు దాన్ని చూసి, తర్వాత మిగతావి చూడాలి. హన్మకొండ చౌరస్తాలో నిలబడి దాన్ని తూచడం పద్ధతి కాదు.

కంపెనీ మారడం మాత్రం కష్టమేమీ కాదు. పోర్ట్ అని టైప్ చేసి, ఖాళీ వదిలి, మన పది అంకెల నంబరు రాసి 1900కు మెసేజ్ పంపాలి. పోర్ట్ అన్న మాట ఇంగ్లిష్ అక్షరాల్లో ఉండాలి. వచ్చిన కోడ్‌తో నాలుగు రోజుల్లోపు కొత్త కంపెనీ షాపుకు ఆధార్ పట్టుకుని వెళ్లాలి. పాత కంపెనీలో 90 రోజులు పూర్తయి ఉండాలి, పోస్ట్‌పెయిడ్ అయితే బాకీ ఉండకూడదు. సిమ్ము పోయి కొత్తది తీసుకుంటే ఏడు రోజులు ఆగాలి, ఇది 2024 జూలై నుంచి వచ్చిన నిబంధన. రాష్ట్రం విడిపోయి ఇన్నేళ్లయినా ఫోన్ల లెక్కలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఇంకా ఒకే సర్కిల్ (లైసెన్సు ప్రాంతం). అందుకని వరంగల్‌లో తీసుకున్న నంబరును హైదరాబాద్‌లో మార్చుకున్నా, విజయవాడలో మార్చుకున్నా మూడు పని దినాలే. వేరే సర్కిల్ అయితే ఐదు.

కంపెనీలు తమ వెబ్‌సైట్లలో కవరేజీ మ్యాపులు పెట్టాలని ట్రాయ్ నిబంధన ఉంది, అవి చూడండి. కానీ మ్యాపులో రంగు ఊరంతా పరుచుకుని ఉంటుంది, గోడలు కనిపించవు. మారే ముందు ఆ కంపెనీ సిమ్ము ఉన్న పక్కింటివాళ్ల ఫోన్ ఒక గంట అడిగి తీసుకోండి. వాకిట్లో కాదు, అమ్మ పడుకునే గదిలో కూర్చుని కాల్ చేసి చూడండి. కుదిరితే కరెంటు పోయిన పూట చూడండి. టవర్‌లో బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో అప్పుడే తెలుస్తుంది.